కార్లెటన్ వాట్కిన్స్

ఛాయాచిత్రమును ఎంత పెద్దదిగా కావలెనన్న అంత పెద్దదిగా ముద్రించుకొనుట నేడు మిక్కిలి సులభము. అఱచేతిలో ఇముడు యంత్రముతో తీసిన బొమ్మను గోడయంత పటముగ చేయవచ్చును. నూట అరువది సంవత్సరములకు పూర్వము ఈ సౌకర్యము లేదు. ఆ కాలమున గాజుపలక యెంతయో చిత్రమును అంతయే. పెద్ద చిత్రము కావలెనన్నచో పెద్ద పలక కావలెను. పెద్ద పలకను పట్టుటకు పెద్ద కెమెరా కావలెను. ఆ కెమెరాను మోయుటకు మనుష్యులును, పశువులును కావలెను. ఇంత శ్రమ యెందులకని తక్కినవారు చిన్న చిత్రములతో తృప్తి పడుచుండిరి. కొండను కొండవలె చూపవలెనన్నచో చిత్రము పెద్దదిగనే యుండవలెనని నిశ్చయించుకొని, ఆ నిశ్చయమునకై సర్వస్వమును ధారపోసిన అమెరికా దేశపు ఛాయాచిత్రకారుడు కార్లెటన్ వాట్కిన్స్.

వాట్కిన్స్ 1829వ సంవత్సరము నవంబరు 11వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని ఒనియోంటా అను చిన్న గ్రామమున జన్మించెను. అతని తండ్రి వడ్రంగిపని చేయుచు, పూటకూళ్ళ యిల్లు నడుపుచుండెడివాడు. ఆ గ్రామముననే కాలిస్ హంటింగ్టన్ అను యువకుడు దుకాణము పెట్టుకొని యుండెను. వాట్కిన్సుకు అతనితో చెలిమి కలిగెను. 1848వ సంవత్సరమున కాలిఫోర్నియాలో బంగారము దొరకినదను వార్త వ్యాపింపగా, వేలకొలది జనులు ఇల్లు వాకిలి విడిచి పడమటి తీరమునకు పరుగులెత్తిరి. మిత్రులిద్దఱును ఆ ప్రవాహములో కలిసిరి. హంటింగ్టన్ గనులలో బంగారము త్రవ్వుటకు మాఱుగా, త్రవ్వువారికి కావలసిన పనిముట్లనమ్మి ధనికుడయ్యెను. తరువాతి కాలమున రైలుమార్గముల యజమానిగా పేరు పొందెను. వాట్కిన్స్ కొంతకాలము అతని దుకాణమున సరకులను చేరవేయు పనిలో నుండెను.

వాట్కిన్స్ ఛాయాచిత్రకళలో ప్రవేశించుట యాదృచ్ఛికముగ జరిగెనని చెప్పుదురు. 1854వ సంవత్సర ప్రాంతమున రాబర్ట్ వాన్స్ అను ప్రసిద్ధ ఛాయాచిత్రకారుని శాఖలో పనివాడొకడు హఠాత్తుగా వెళ్ళిపోయెను. మఱొకడు దొరకువఱకు ఆ స్థలమున కూర్చుండి వచ్చినవారిని మాటలతో నిలుపవలసినదని వాన్స్ వాట్కిన్సును కోరెను. కెమెరానెన్నడును ముట్టి యెఱుగని వాట్కిన్స్ అందుల కంగీకరించెను. కొన్ని దినములలోనే అతడు పనిలోని మెలకువలు నేర్చుకొని, తానే చిత్రములు తీయసాగెను. పనిని నేర్చుటకు పిలుపు వచ్చినపుడు తనకు రాదని వెనుదీయక కూర్చుండుటయే అతని జీవితమునకు మలుపయ్యెను.

ఆ రోజులలో చిత్రములను వెండిపూత పూసిన రాగిరేకుపై తీయుచుండెడివారు. అట్టి చిత్రము అఱచేతిలో నిముడునంత యుండును, దానికి ప్రతిలేదు. అది పాడైనచో చిత్రము పోయినట్లే. కొలది కాలమునకు గాజుపలకల పద్ధతి వచ్చెను. గాజుపై పడిన ప్రతిబింబము నుండి కాగితముపై ఎన్ని ప్రతులైనను తీయవచ్చును. ఒకే చిత్రమును వందమందికి అమ్ముట అప్పుడు సాధ్యమయ్యెను. వాట్కిన్స్ ఈ పద్ధతిని నేర్చుకొని, గనుల దృశ్యములను, ఎస్టేట్ల దృశ్యములను తీయుట కారంభించెను. భూమి తగాదాలలో అతని చిత్రములు న్యాయస్థానములకు సాక్ష్యముగ కూడ వెళ్ళెను.

అంగళ్ళలో అమ్ముడుపోవు చిత్రములకు అప్పటికే కొన్ని కొలతలు స్థిరపడియుండెను. పరిచయపత్రమంతటి చిత్రము రెండున్నర అంగుళముల వెడల్పు, నాలుగు అంగుళముల పొడవు గల అట్టపై నుండును. జంటచిత్రముల అట్ట మూడున్నర అంగుళముల ఎత్తు, ఏడంగుళముల వెడల్పు గలది. దానిపై నొకే దృశ్యము పక్కపక్కన రెండుమారులు ముద్రింపబడి యుండును. స్టీరియోస్కోపు అను చిన్న సాధనమున నుంచి చూచినచో రెండును కలిసి దృశ్యము లోతుతో కనబడును. ఇవి చవుక, సామాన్యులు కొనగలిగినవి. వాట్కిన్స్ వీనిని తీయుట మానలేదు. కాని అవి కన్నులకు చేర్చి ఒంటరిగ చూడదగినవేకాని, గోడపై నుంచి పదిమంది నిలిచి చూచునవి కావు. మూడంగుళముల కాగితముపై మూడువేల అడుగుల శిల తన గొప్పతనమును చూపజాలదని అతడు గ్రహించెను.

కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతములలో యోసెమిటీ అను లోయ గలదు. నిట్టనిలువుగ లేచిన నల్లరాతి కొండలతో, ఆకాశము నుండి దూకు జలపాతములతో అది మిక్కిలి మనోహరమైనది. ఆ లోయను అనాదిగ తమ నివాసముగ చేసికొనిన అహ్వానీచీలు అను ఆదిమజాతివారిని 1851వ సంవత్సరమున సాయుధదళములు బలాత్కారముగ వెడలగొట్టినవి. పిమ్మట యాత్రికులు కొలదికొలదిగ రాసాగిరి. కాని దేశమున కోట్లకొలది జనులు ఆ లోయను ఎఱుగరు. ఎఱిగినవారు చెప్పినను నమ్మరు.

1861వ సంవత్సరమున వాట్కిన్స్ ఒక పెద్ద కెమెరాను ప్రత్యేకముగ చేయించుకొనెను. అందులో 18 అంగుళముల వెడల్పు, 22 అంగుళముల పొడవు గల గాజుపలకలు పట్టును. అంతటి పలకలకు మామత్ పలకలని పేరు. మామత్ అనగా ప్రాచీనకాలపు మహాగజము. ఆ కెమెరాను, గాజుపలకలను, రసాయనములను, గుడారమును సుమారు పండ్రెండు కంచరగాడిదలపై నెక్కించి, ఆ వేసవిలో అతడు లోయకు ప్రయాణమయ్యెను. బండ్లు పోవు బాట కొంతదూరముతో ముగిసెను. ఆపై కొండల అంచుల వెంబడి సన్నని త్రోవ మాత్రమే కలదు. ఒక్క కంచరగాడిద కాలు జాఱినచో నెలల శ్రమ పగిలి ముక్కలగును.

లోయలో పని మఱింత కఠినము. చీకటి గుడారములో గాజుపలకపై కొలోడియన్ అను జిగట ద్రవమును సమముగ పోయవలెను. దానిని వెండి లవణపు నీటిలో ముంచవలెను. తడి ఆఱకమునుపే కెమెరాలో నుంచి చిత్రము తీసి, తిరిగి గుడారమునకు తెచ్చి, వెంటనే కడుగవలెను. పూత ఆఱినచో పలక వ్యర్థము. దుమ్ము పడినచో మచ్చ. గాలికి చెట్టుకొమ్మ కదలినచో అలుకుడు. ఒక చేయి వణకినచో పలక యంతటను గీఱు. ఇన్ని విఘ్నములను దాటి వాట్కిన్స్ 30 మామత్ పలకలతో, సుమారు 100 జంటచిత్రముల పలకలతో తిరిగి వచ్చెను.

ఆ చిత్రములలో నొకటి మారిపోసా వనములోని గ్రిజ్లీ జయంట్ అను మహావృక్షమునకు సంబంధించినది. వృక్షమును మాత్రమే తీసినచో దాని పరిమాణము ఎవరికి తెలియును? వాట్కిన్స్ దాని మొదట గేలన్ క్లార్క్ అను వనరక్షకుని నిలువబెట్టి చిత్రము తీసెను. మానుముందు ఆ మనుష్యుడు చీమవలె కనబడును. చూచువాడు మొదట చెట్టును చూచును. పిమ్మట దాని మొదట నున్న మనుష్యుని కనుగొనును. అప్పుడు విస్మయము చెందును. చిత్రము చిన్నదైనచో ఆ మనుష్యుడు కనబడనే కనబడడు.

పలక తీయుటతో సగము పనియే ముగియును. మిగిలిన సగము నగరములో జరుగును. కోడిగ్రుడ్ల తెల్లసొన పూసిన పలుచని కాగితమును వెండి లవణపు నీటిపై తేలించి, చీకటిలో ఆఱబెట్టి, గాజుపలకకు ఆనించి ఎండలో నుంచవలెను. సూర్యరశ్మి గాజుగుండ పోయి కాగితముపై చిత్రమును వ్రాయును. తరువాత దానిని బంగారు లవణముతో రంగు తేల్చి, హైపో నీటిలో స్థిరపఱచి, మంచినీట పలుమారులు కడుగవలెను. కడుగుటలో సోమరితనము చూపినచో కొన్ని యేండ్లకే చిత్రము పసుపుబాఱి వెలసిపోవును. తొందరపడి అమ్మినవాని మోసము వెంటనే తెలియదు; కాలమే దానిని బయటపెట్టును. వాట్కిన్స్ ముద్రించిన చిత్రములు పెక్కులు నేటికిని గాఢమైన గోధుమవన్నెతో నిలిచియున్నవి.

ఆ కాగితము ఆఱిన వెంటనే చుట్ట చుట్టుకొనును. కావున అంచులను సరిగ కోసి, గంజిజిగురుతో దళసరి అట్టపై మడతపడకుండ అంటింపవలెను. పెద్ద పలకల చిత్రములకు పై మూలలు నల్లబడుట కలదు. కటకపు వెలుగు అంతవఱకు చేరదు. అట్టి చిత్రముల పై మూలలను వాట్కిన్స్ గుండ్రముగ కత్తిరించెడివాడు. అప్పుడు చిత్రము విల్లువంపు తీరిన గవాక్షము వలె కనబడును. లోపము మఱుగుపడుటయే కాక అందము కూడ కలిగెను. విడికాగితముగ కొనువారికొక వెల, అట్టపై అంటించినదానికి అంతకు హెచ్చు, పటము కట్టించినదానికి మఱింత హెచ్చు. ఇట్లు కొనువారి శక్తికి తగినట్లు ఒకే దృశ్యము పలు రూపములలో దొరకెడిది.

1862వ సంవత్సరము చివర న్యూయార్కు నగరములోని గూపిల్ చిత్రశాలలో ఈ పెద్ద చిత్రములు ప్రదర్శింపబడెను. అది సాధారణముగ వర్ణచిత్రములను ప్రదర్శించి అమ్ము స్థలము. దేశమున అప్పుడు అంతర్యుద్ధము జరుగుచుండెను; యుద్ధవార్తలతో క్రుంగిన జనులు ఆ చిత్రముల ముందు నిలిచి, తమ దేశమునందే ఇట్టి ప్రశాంతస్థలము గలదా యని ఆశ్చర్యపడిరి. నాలుగడుగులు వెనుకకు నిలిచినచో కొండ యంతయు కనబడును. దగ్గఱకు వచ్చినచో ఆకు ఆకు లెక్కింపవచ్చును. ఆలివర్ వెండెల్ హోమ్స్ అను సుప్రసిద్ధ రచయిత ఆ చిత్రములను మిక్కిలి మెచ్చుకొని వ్రాసెను.

కాలిఫోర్నియా ప్రతినిధియైన జాన్ కానెస్ అను సెనేటు సభ్యుని యొద్దను వాట్కిన్స్ చిత్రములుండెను. యోసెమిటీ లోయను, మారిపోసా మహావృక్షవనమును ఎవరికిని అమ్మక, ప్రజలందఱి ఉపయోగమునకై కాపాడవలెనని అతడు చట్టమును ప్రతిపాదించెను. అంతర్యుద్ధపు సంక్షోభము నడుమ 1864వ సంవత్సరము జూన్ 30వ తేదీన అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఆ చట్టముపై సంతకము చేసెను. లింకన్ ఆ లోయను కన్నులార చూచియుండలేదు. శాసనకర్తలలో బహుస్వల్పముగ తప్ప దానిని చూచినవారు లేరు. చూడని స్థలమును కాపాడవలెనను బుద్ధి వారికి కలుగుటకు వాట్కిన్స్ చిత్రములు తోడ్పడినవని చరిత్రకారులు భావించుదురు. ఇట్లు ప్రకృతిసౌందర్యమును ప్రజలకై రక్షించు పద్ధతి మొదలై, 1872వ సంవత్సరమున యెల్లోస్టోన్ జాతీయవనముగను, 1890వ సంవత్సరమున యోసెమిటీ జాతీయవనముగను ఏర్పడెను. లోయలోని యొక శిఖరమునకు వాట్కిన్స్ పేరు పెట్టబడెను.

1867వ సంవత్సరమున పారిస్ నగరమున జరిగిన సర్వదేశ ప్రదర్శనమునందు వాట్కిన్స్ చిత్రములకు పతకము లభించెను. 1873వ సంవత్సరమున వియన్నా ప్రదర్శనమునందును గౌరవము లభించెను. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున అతడు యోసెమిటీ చిత్రశాల యను పేర గొప్ప ప్రదర్శనశాలను నెలకొల్పెను. గోడలనిండ అక్రోటు కఱ్ఱ చట్రములలో బిగించిన మామత్ చిత్రములు వ్రేలాడుచుండెను. బల్లలపై జంటచిత్రములు చూచు సాధనములు అమర్చబడి యుండెను. కొనువారును వచ్చిరి, కొనకయే చూచి ఆనందించి పోవువారును వచ్చిరి.

కాని కళలో నేర్పరియైన వాట్కిన్స్ వ్యాపారములో నేర్పరి కాడు. అతని తొలి చిత్రములకు స్వామ్యహక్కు రక్షణ లేకపోవుటచే, తూర్పుతీరమున ఇతరులు వానికి నకళ్ళు తీసి అమ్ముకొనిరి. 1867వ సంవత్సరమున అతడు హక్కులు నమోదు చేయించుకొనెను. కాని అప్పటికే నష్టము జరిగెను. ప్రదర్శనశాలకై చేసిన అప్పులు పెరిగెను. 1875వ సంవత్సరము ఆగస్టు నెలలో బ్యాంక్ ఆఫ్ కాలిఫోర్నియా తలుపులు మూసెను, వర్తకము స్తంభించెను. ఆ శీతకాలమున ప్రదర్శనశాలయు, అందలి గాజుపలకలన్నియు ఋణదాతయైన కుక్ చేతికి, అతనితో కలిసిన టేబర్ అను ఛాయాచిత్రకారుని చేతికి పోయెను. పలకలు ఎవనివో ముద్రించు హక్కును వానిదే. వాట్కిన్స్ ప్రాణములకు తెగించి తీసిన యోసెమిటీ దృశ్యములను టేబర్ తన పేరుతో ముద్రించి అమ్మసాగెను. తన బిడ్డలు వేఱొకని యింటిపేరుతో పిలువబడుచుండగా వినవలసివచ్చిన తండ్రి దుఃఖము వంటిది వాట్కిన్స్ దుఃఖము.

అప్పటికి అతనికి నలువదియాఱేండ్లు. వేఱొకడైనచో కెమెరాను విడిచిపెట్టి మఱొక జీవనోపాధి వెదకుకొనెడివాడు. వాట్కిన్స్ మరల మొదటినుండి ఆరంభించెను. పూర్వము నిలిచిన చోటులకే తిరిగి వెళ్ళి, అవే కొండలను, అవే జలపాతములను మరల తీసెను. ఆ చిత్రములకు కొత్త వరుస అని పేరు పెట్టెను. హంటింగ్టన్ స్నేహము అతనికి తోడయ్యెను. రైలుమార్గములపై తన బండిని, సామగ్రిని చేర్చుకొని దూరప్రాంతములకు ప్రయాణము చేసెను. గనులను, పండ్లతోటలను, మిషను కట్టడములను, సముద్రతీరమును తీసెను. 1880ల చివర కెర్న్ జిల్లాలో తీసిన పీచుపండ్ల పెట్టె చిత్రము ప్రసిద్ధము. కొండలను తీసిన చేయి ఒక పండ్ల పెట్టెను సైతము అదే శ్రద్ధతో తీసెను.

1879వ సంవత్సరమున, తన యేబదియవ జన్మదినమున, తన చిత్రశాలలో పనిచేసిన ఫ్రాన్సెస్ స్నీడ్ అను యువతిని వాట్కిన్స్ వివాహమాడెను. వారికొక కుమార్తె, ఒక కుమారుడు కలిగిరి. కుమారునకు మిత్రుని పేరు కాలిస్ అని పెట్టుకొనెను. కాని సుఖము చిరకాలము నిలువలేదు. 1890లలో అతని కంటిచూపు మందగింపసాగెను, కీళ్ళనొప్పులు బాధింపసాగెను. అద్దె చెల్లింపలేక అతడును కుటుంబమును సుమారు సంవత్సరమున్నర కాలము పాడుబడిన రైలుపెట్టెలో కాపురముండిరి. ఆ దుస్థితి తెలిసి హంటింగ్టన్ వారికి కేపే లోయలో నొక చిన్న పొలమునిచ్చెను.

చూపు దాదాపు పోయిన పిమ్మట వాట్కిన్స్ తన జీవితకాలపు పలకలను, చిత్రములను పదిలపఱచవలెనని తలచెను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారు వానిని కొనుటకై సంప్రదించుచుండిరి. బేరము కుదిరినచో వృద్ధాప్యమునకు ఆధారము, పనికి శాశ్వతరక్షణ. కాని 1906వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీ తెల్లవారుజామున శాన్‌ఫ్రాన్సిస్కోలో మహాభూకంపము సంభవించెను. దాని వెంట పుట్టిన మంటలు కొన్ని దినములు నగరమును దహించెను. వాట్కిన్స్ చిత్రశాల భస్మమయ్యెను. కొత్త వరుస పలకలన్నియు కరగిపోయెను. కఱ్ఱ ఊతతో నిలిచిన ఆ వృద్ధుని ఇతరులు చేయి పట్టుకొని వీథిలో నడిపించుకొని పోవుచుండిరి. అదే అగ్నిలో టేబర్ చిత్రశాలయు కాలిపోయెను. అప్పు క్రింద పోయిన పాత పలకలును, కష్టించి మరల తీసిన కొత్త పలకలును ఒకే గతి పొందెను.

ఆ దెబ్బ నుండి వాట్కిన్స్ కోలుకొనలేదు. 1910వ సంవత్సరమున అతడు నాపా పట్టణమునందలి ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చేర్పబడెను. 1916వ సంవత్సరము జూన్ 23వ తేదీన, ఎనుబదియాఱవ యేట అచ్చటనే మరణించెను. అతని సమాధిపై పేరు చెక్కిన రాయి యైనను నిలువలేదు. రెండు సంవత్సరముల పిమ్మట, చివరి దినములలో అతనికి సాయపడిన చార్లెస్ టరిల్ అను మిత్రుడు అతని జీవితకథను ప్రకటించెను. కాని లోకము వాట్కిన్సును పెక్కు సంవత్సరములు మఱచియే యుండెను.

పలకలన్నియు కాలిపోయిన పిమ్మట అతని కృషిలో మిగిలినదేమి? అతడు ముద్రించి అమ్మిన చిత్రములే. ఎన్నడో ఎవరో కొని గోడకు తగిలించుకొనినవి, గ్రంథాలయములవారు సంపుటములుగ కట్టించి దాచుకొనినవి, అమెరికా తూర్పుతీరమునకును ఐరోపాకును చేరినవి. అవి అగ్నికి దూరముగ నుండి బ్రతికినవి. వానిని అతడు మంచి కాగితముపై ముద్రించి, చక్కగ కడిగి, సరిగ అంటించి యుండెను. కావున వన్నె తఱుగక నిలిచినవి. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున పండితులు వానిని వెదకి, పోల్చి, టేబర్ పేరుతో నున్నవానిని సైతము వాట్కిన్స్ కృతులుగ గుర్తించిరి. 1999వ సంవత్సరమున శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళాప్రదర్శనశాలలో అతని చిత్రములతో గొప్ప ప్రదర్శనము జరిగెను. 2011వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక గ్రంథమున 1,200కు పైగా మామత్ చిత్రముల వివరములు చేర్పబడెను.

అప్పులవారు గాజుపలకలను తీసికొనిరి. అగ్ని మిగిలినవానిని తీసికొనెను. కాలము కన్నులను, చివరకు మతిని కూడ తీసికొనెను. ఎవరును చూడనపుడు సైతము పనిలో చూపిన శ్రద్ధను మాత్రము ఎవ్వరును తీసికొనలేకపోయిరి. కొనువాడు గుర్తింపజాలని లోపమును కూడ సహింపక, ఒక్కొక్క కాగితమును పదిమారులు కడిగి అంటించిన ఆ చేతుల శ్రమవలననే వాట్కిన్స్ పేరు నేడు నిలిచియున్నది. అతడు చూపిన లోయ నేటికిని ప్రజలదై, పచ్చగ నున్నది.